కళాకారుల పేర్లు రాద్దాం
యర్రగొండపాలెం నుంచి ఒక ప్రణాళిక

చెక్కభజన అంటే మన పడమటి ప్రకాశంలో తెలియనివారు లేరు. కానీ ఆ అడుగులు నేర్పిన గురువు ఎవరని అడగండి, ఊరు దాటితే చెప్పేవారుండరు. తోలుబొమ్మలాట, బుర్రకథ, పగటివేషం, అన్నిటిదీ ఇదే కథ. కళకు పేరుంది, కళాకారుడికి లేదు. దీన్ని మేం ఇక ఒప్పుకోం. అందుకే ఈ ఉద్యమం.

తోలుబొమ్మనే చూడండి. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలచగా గీకి, నగలుండే చోటల్లా ఉలితో సన్నని చిల్లులు కొడతారు. దీపం ముందు నిలబెడితే ఆ చిల్లులే రవ్వలై మెరుస్తాయి. ఇన్ని చిల్లులు కొట్టిన చెయ్యి ఎవరిది? నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చాక గానీ చాలామంది ఈ ప్రశ్న వేసుకోలేదు. నల్లమలకు అవతల, నాగర్‌కర్నూల్ జిల్లాలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య పేరు సినిమా పాటతో గానీ ఊరూరా తెలియలేదు. సినిమా కోసం, బిరుదు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మన ఊళ్లలోని వాళ్లు వెళ్లిపోతారు.

ముందు చదువుతాం. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’, జానపద గేయాలపై బిరుదురాజు రామరాజు పరిశోధన చదవనిదే ఎవరూ బయల్దేరవద్దు. ఏం అడగాలో తెలియకుండా వెళ్లి పెద్దల పొద్దు పాడుచేయకూడదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లావే. కాబట్టి పాత కాగితాలు ఒంగోలులోనే కాదు, కర్నూలులోనూ వెతుకుతాం.

తర్వాత ఊళ్లు తిరుగుతాం. మిరపకోతల్లో పాడే ఆడవాళ్లు తమను కళాకారులనుకోరు. మేం అనుకుంటాం, వాళ్ల పేర్లూ రాస్తాం. మనకోసం ఒక పూట పాడినవారికి ఆ పూట కూలి పోతుంది. అందుకే కూలికి తగ్గకుండా ఇవ్వడం మా మొదటి నియమం. అడగనిదే ఫోన్ బయటికి తీయం. బయటివారు వినకూడదన్న పాటను వినిపించమని అడగం.

మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో కృష్ణకు అవతల, అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులతో గడిపి, 1943లో వారిపై ఇంగ్లిషులో పుస్తకం వేశారు. గొప్ప పని. మేం దానికి ఇంకొక్కటి కలుపుతున్నాం: రాసుకున్న ప్రతి మాటనూ చెప్పినవారి ముందే తెలుగులో చదివి వినిపిస్తాం. వద్దన్నది కొట్టేస్తాం. మిగిలిన దానికి ఒక ప్రతి ఆ ఊరి బడిలో ఉంటుంది, పాడినవారి పేరు అట్టమీద ఉంటుంది.

మొదట వెళ్లేది పాలుట్ల చెంచుగూడేనికి. పులులు తిరిగే అడవి కాబట్టి అటవీశాఖ అనుమతి తీసుకునే వెళ్తాం. గూడెం పెద్దలు రమ్మన్న రోజే బయల్దేరతాం. వచ్చేవాళ్లు నోటుపుస్తకం, తిండి, నీళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. పాట రాసుకోగలిగిన వాళ్లు, చెంచుల మాటతీరు తెలిసిన వాళ్లు ముందు పేరు ఇవ్వండి.