సీ రానివాళ్లు చిప్పు ముట్టుకోకూడదా?

ఈఎస్పీ32 బోర్డు కొన్న ప్రతి కొత్తవాడికీ పెద్దలు చెప్పే మాట ఒకటే: "ముందు సీ నేర్చుకో, పైథాన్ పిల్లలాట." ఈ మాట ఆర్డ్వినో ఊనో రోజులది. దాని ర్యామ్ 2 కేబీ, అక్కడ సీ తప్ప దారి లేదు. ఈఎస్పీ32లో 520 కేబీ ఉంది. చిప్పు మారినా సలహా మారలేదు.

పైథాన్ నిదానం, నిజమే. కానీ ఈ చిప్పులకు మనం అప్పజెప్పే పనేంటి? మా డాబా మీద నీళ్ల ట్యాంకుకి పెట్టింది నిమిషానికోసారి మట్టం కొలిచి, ఆ అంకెను వై-ఫైలో కిందికి పంపుతుంది. మిగతా సమయమంతా ఎదురుచూపే. డీహెచ్‌టీ22 తేమ సెన్సారైతే రెండు సెకన్లకోసారి కన్నా కొత్త రీడింగే ఇవ్వదు. ప్రోగ్రాము ఎంత పరిగెత్తినా దాని ముందు ఆగాల్సిందే. బ్యాటరీని తాగేది కూడా ముఖ్యంగా రేడియోనే. ఈఎస్పీ32 వై-ఫైలో పంపేటప్పుడు 240 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, డీప్ స్లీప్‌లో చిప్పు 10 మైక్రో ఆంపియర్ల దగ్గరికి దిగుతుంది. ఎంతసేపు పడుకోబెట్టామన్నదే అసలు లెక్క.

మరి ట్యాంకు మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సారు సంగతేంటి, దానికి మైక్రోసెకన్లు లెక్కపెట్టాలి కదా అంటారు. శబ్దం ఒక సెంటీమీటరు పోయి రావడానికి సుమారు 58 మైక్రోసెకన్లు. ఈ చిప్పుల మీద నడిచే పైథాన్ అయిన మైక్రోపైథాన్‌లో దాన్ని కొలిచే ఫంక్షను సిద్ధంగా ఉంది, దాని లోపలంతా సీయే. సీ చేయాల్సిన పని సీ చేస్తూనే ఉంది, మనం రాయక్కర్లేదంతే.

ఒకరోజు మా ట్యాంకు అంకెలు పిచ్చిగా వచ్చాయి. మెట్ల మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌లోంచి వై-ఫై మీదుగా బోర్డు ప్రాంప్టు తెరిచి, దూరం ఎంతని అదేపనిగా అడిగాను. 84, 84, 31, 84. ఆ 31 ట్యాంకులోకి దిగే పైపుది. అయిదు రీడింగులు తీసి మధ్యదాన్ని ఎంచుకునేలా అక్కడే రెండు లైన్లు మార్చాను. కంపైల్ లేదు, కేబులు లేదు. నడుస్తున్న బోర్డుని ప్రశ్న అడిగి జవాబు రాబట్టడం ఎంత సుఖమో చేసినవాళ్లకే తెలుసు.

పాత ఈఎస్పీ8266లో మైక్రోపైథాన్‌కి మిగిలేది 40 కేబీ లోపే. హెచ్‌టీటీపీఎస్ పెడితే ఊపిరాడదు, అక్కడ నేనూ సీ++ వైపే. వేల సంఖ్యలో అమ్మే వస్తువుకీ అంతే. ఇంట్లో, పొలంలో పెట్టుకునే ఒక్క పెట్టెకి మాత్రం అడగాల్సింది వేరు: రేపు దీన్ని విప్పి బాగుచేసేదెవరు?

మా మేనకోడలు సీబీఎస్ఈ పదకొండులో పైథాన్ చదివింది. మొన్న సెలవుల్లో ఆ ప్రోగ్రాము తెరిచి, నీళ్లు పావు ట్యాంకుకి దిగగానే బజర్ మోగేలా ఒక్క మధ్యాహ్నంలో మార్చేసింది. ఆ పిల్లని పాయింటర్లు నేర్చుకుని రమ్మని నేను వెనక్కి పంపను.