ఏడో వచనం దగ్గరే ఆపకండి

పిల్లల్ని బడి మానిపించి ఇంట్లోనే చదివించే విశ్వాస కుటుంబాలు మన పట్టణాల్లో అక్కడక్కడా కనిపిస్తున్నాయి. మీకిష్టమైన వాక్యభాగం ఏదని అడిగితే ద్వితీయోపదేశకాండము 6:7 చూపిస్తారు. పిల్లలకు నేర్పమని దేవుడు తల్లిదండ్రులకే కదా చెప్పాడు అంటారు.

ఇంటి చదువు మీద మాకు కోపం లేదు. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు బొయిపరిగుడలో మా వంటగదే తరగతి గది. బడిలో ఒడియా చదివే మా పిల్లలకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఇంట్లోనే. కుటుంబ ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ తమకు నచ్చిన భాగం చదివి వినిపించాలి. ఇప్పటికీ అదే మా అలవాటు.

మా తగవల్లా ఏడో వచనం దగ్గర గ్రంథం మూసేయడంతోనే. ఇంట్లో కూర్చున్నప్పుడే కాదు, దారిన నడిచేటప్పుడూ నేర్పమని ఆ వచనంలోనే ఉంది. ఇరవయ్యో వచనానికి వస్తే, ఈ కట్టడలు ఎందుకని కొడుకు అడుగుతాడు. తండ్రి చెప్పవలసిన జవాబు ఐగుప్తు దాసత్వంతో మొదలవుతుంది. మోషే సిలబస్‌లో మొదటి పాఠం అది!

మరి మన ఇళ్లలో? అమెరికా నుంచి తెప్పించిన రంగుల పుస్తకాల్లో ఆపిల్ తోటలుంటాయి, మంచు ఉంటుంది. తాత ఏ పేటలో పుట్టాడో, ఎవరి చేలో పాలేరుగా ఉన్నాడో ఉండదు. కులం మాట పిల్లల ముందు ఎత్తవద్దంటారు. లోకం అంటుకుంటుందని భయమట. పక్క బెంచీలో పేద పిల్లవాడు కూర్చుంటాడనే భయమేమో అని మా అనుమానం.

కోరాపుట్ కొండల్లో అప్పు తీర్చలేక షావుకారుకు వెట్టి చేసేవాణ్ణి గోతి అనేవారు. తెలుగు చెవికి గోతిలో పడ్డట్టే వినిపిస్తుంది, నిజమూ అంతే. గోపీనాథ్ మహంతి 1945లో రాసిన 'పరజా' నవలలో సుక్రు జాని జరిమానా కట్టడానికి అప్పు తెచ్చి గోతి అవుతాడు. ఒక సాయంత్రం మా పెద్దమ్మాయి ఆ ఘట్టాన్నే తనకిష్టమైన భాగమని ఒడియాలో చదివి, తెలుగులో చెప్పింది. చెప్పి, "నాన్నా, మన ముత్తాత కూడా ఇలాగే చేశాడా?" అంది.

చేశాడు. పాలేరుగానే బతికాడు. ఎన్నో పీఠాల మీద నిర్గమకాండం ప్రసంగించిన మేము ఆ సంగతి మా బిడ్డకు అప్పటిదాకా చెప్పలేదు. ఇతరులను తప్పుపట్టే ముందు ఇది ఒప్పుకోవాలి.

ఇంకో మాట. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. చదువు వచ్చిన తల్లిదండ్రులు బిడ్డతో సహా ఇంట్లో తలుపేసుకుంటే, టీచరు ఎందుకు రాలేదని ఆ కమిటీలో నిలదీసేదెవరు? సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసే పరజా తల్లి ఒక్కతేనా? ఇంట్లో చదివించుకోండి, వద్దనం. కానీ పిల్లల పేర్లు బడిలోనే ఉంచండి, కమిటీ కూర్చున్న రోజున వెళ్లి ఆమె పక్కన కూర్చోండి. సాయంత్రం చదివేటప్పుడు ఆమె పిల్లల్నీ పిలవండి. వాళ్లకు నచ్చిన కథ వాళ్ల భాషలో చెప్పనివ్వండి. మా అరుగు మీద ఇద్దరు వస్తున్నారు. ఇంకా చాప ఖాళీగానే ఉంది.