ఇల్లు బడి కావాలి, బడికి బదులు కాకూడదు

ఈ మధ్య కోయంబత్తూరు పీళమేడులో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఒక యువ దంపతులు నన్ను పక్కకు పిలిచారు. "పెదనాన్నా, రెండో తరగతి చదివే పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామని అనుకుంటున్నాం. ఇక్కడి బడుల్లో తెలుగు చెప్పేవాళ్ళు లేరు. మేమిద్దరం ఇంటి నుంచే పని చేస్తున్నాం. దీనికి చట్టం ఒప్పుకుంటుందా?" అని అడిగారు. మదురైలోనూ ఇదే ప్రశ్న విన్నాను. అందుకే నాకు తెలిసింది, నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని ఆ చట్టంలో లేదు. ఇంటి చదువు అనే మాట కూడా అందులో లేదు. అంటే ఇంట్లో చదివించే వాళ్ళను ఆ చట్టం శిక్షించదు, కాపాడనూ కాపాడదు. నలుగురు ఇరుగుపొరుగు పిల్లలను పోగుచేసి పగలంతా బడిలాగా నడిపితే మాత్రం 18వ సెక్షన్ అడ్డొస్తుంది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు పది వేల దాకా.

పరీక్షల మాటకొస్తే, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా 14 ఏళ్ళు నిండినవారు పదో తరగతి రాయవచ్చు. అందులో తెలుగును ఒక భాషగా తీసుకోవచ్చు. అంతకంటే చిన్న పిల్లలకు 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు ఆ సంస్థలోనే ఉన్నాయి. కాబట్టి దారి అసలే లేదని కాదు. కానీ మధ్యలో మనసు మారితే? 4వ సెక్షన్ ప్రకారం పాపను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల్సిందే. అయితే ఈ రాష్ట్రంలో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఉంది. ఒకటి నుంచి పది దాకా తమిళం తప్పనిసరి. ఇంట్లో తెలుగు ఒక్కటే దిద్దిన పిల్ల ఆరో తరగతిలోకి తిరిగి వస్తే తమిళ అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాదా?

ఇలా అన్నప్పుడల్లా ఎవరో ఒకరు "జి.డి.నాయుడు ఏ బడికి వెళ్ళారు?" అంటారు. నిజమే. కలంగల్‌లో 1893లో పుట్టిన ఆ మహానుభావుడి బడి చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. కానీ 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం రావడానికి ముందు నిలిచింది కూడా ఆయనే. తనకు దొరకని చదువును ఊరి పిల్లలకు దొరికేలా చేశారు. ఆయన జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఆ రెండో సగమే.

మరి తెలుగు సంగతేమిటి? ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అబ్బాయిని ఒకటో తరగతిలో చేర్పించిన రోజు దరఖాస్తులో మాతృభాష అనే గడి దగ్గర గుమాస్తా కలం ఆపాడు. "తమిళం అని రాసేస్తాను సార్, ఇబ్బంది ఉండదు" అన్నాడు. సరే అన్నాను. కొన్నేళ్ళ తరువాత ఆ బడిలో తెలుగు పంతులు కోసం నలుగురం కలిసి అర్జీ పెడితే, "రికార్డుల్లో తెలుగు పిల్లలే లేరు కదా" అన్నారు. అప్పుడు తల దించుకున్నాను. ఇంట్లో పొద్దస్తమానం తెలుగు మాట్లాడే నా కొడుకే ఆ లెక్కలో లేడు.

ఆ గడికి అంత విలువ ఎందుకో చూడండి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక తీర్మానం చేసింది. ఒక తరగతిలో 10 మంది గానీ, మొత్తం బడిలో 40 మంది గానీ ఒక మాతృభాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి వేయాలన్నది. పిల్లల మాతృభాష ఏదో చెప్పేది తల్లిదండ్రులో సంరక్షకులో అనీ అన్నది. ప్రాథమిక చదువులో భాషా అల్పసంఖ్యాకుల రక్షణలకు అది ఒక పునాది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం కూడా చెబుతోంది. 2006 చట్టంలోనూ తమిళం, ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలు తమ భాషను నాలుగో భాగంగా, ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. ఇవన్నీ ఆ గడిలో "తెలుగు" అని ఉన్న పిల్లలకే. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో 42 లక్షలకు పైగా మనుషులు మాతృభాష తెలుగని చెప్పుకున్నారు. లెక్కల మనిషికి చెప్పిన మాటను బడి గుమాస్తాకు చెప్పడానికి ఎందుకు జంకుతాం?

భాషా అల్పసంఖ్యాక పిల్లలకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి కోర్టులు మినహాయింపులు ఇచ్చాయి. 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ ఏడాదికి ఇచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి అది న్యాయమే. కానీ తమిళం పరీక్ష తప్పినంత మాత్రాన మిగతావారికి తెలుగు రాదు. తమిళం మన వీధి భాష, మన స్నేహితుల భాష. దాన్ని మనస్ఫూర్తిగా నేర్చుకుందాం. తెలుగును అడిగి తెచ్చుకుందాం.

అడిగినవన్నీ వచ్చేదాకా ఏం చేయాలి? ఇల్లుంది. సాయంత్రం ఒక గంట ఇంట్లో తెలుగు దిద్దించడానికి ఏ అధికారి సంతకమూ అక్కర్లేదు. అమెరికాలో మనబడి పిల్లలు వారమంతా ఇంగ్లీషు బడికి వెళ్ళి, వారాంతంలో తెలుగు నేర్చుకుంటున్నారు. ఆ పని మనకు ఇంకా సులువు. మన ఇళ్ళలో మాట ఇంకా బతికే ఉంది. లేనిది అక్షరమే.

మా అమ్మ మదురై నుంచి ఉత్తరాలు తెలుగులోనే రాసేది, కానీ తమిళ అక్షరాలతో. ఒకసారి "గంప పంపు" అని రాసింది. తమిళ లిపిలో గంపా కంపా ఒక్కలాగే ఉంటాయి. ఆమెకు ముళ్ళకంప ఎందుకా అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ ఉత్తరాలు తీస్తే నవ్వు రాదు. విజయరంగ చొక్కనాథుడు తెలుగు వచనం రాసిన నాయక రాజుల సీమలో, మా అమ్మకు తన భాష రాసుకోవడానికి అక్షరాలు లేకపోయాయి.

ఆ దంపతులకు నేను చెప్పింది ఇదే. పాపను బడి మాన్పించకండి. రేపే వెళ్ళి రికార్డులో మాతృభాష ఏమని ఉందో చూడండి. తప్పుంటే దిద్దమని రాతపూర్వకంగా అడగండి, నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి. ఆ బడిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో లెక్కపెట్టి, పది మంది కాగానే కలిసి అర్జీ పెట్టండి. ఆ సాయంత్రమే పాపతో "అ" దిద్దించండి. అర్జీకి జవాబు ఆలస్యమైనా, పాప అక్షరాలు ఆలస్యం కాకూడదు.