పని మీద మనసు విరిగితే
ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం. అమెరికా వాళ్ల కోసం అర్ధరాత్రి దాకా కంప్యూటరు ముందే. ఇదివరకు పనంటే ప్రాణం పెట్టేవాడు, ఇప్పుడు "ఎవరికోసం చెయ్యాలమ్మా?" అంటున్నాడు. నిద్ర పట్టదు. టానిక్కు వాడవచ్చా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: టానిక్కుతో పోయేది కాదమ్మా. మీవాడు సోమరి కాలేదు, అలసిపోయాడు. నీరసం, పని మీద ఏవగింపు, ఎంత చేసినా చేసినట్టు లేకపోవడం — ఈ మూడూ కలిస్తే 'బర్నవుట్' అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. జబ్బుల్లో చేర్చలేదు, తగ్గని ఉద్యోగపు ఒత్తిడి ఫలితమంది. కాబట్టి మందు చాలావరకు ఆఫీసులోనే ఉంది. రాత్రి కాల్స్ వంతులవారీగా పంచమని పై అధికారిని అడగమనండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఇష్టమైన ఆటా, పాటా, స్నేహితులూ కూడా రెండు వారాలుగా రుచించకపోతే మానసిక వైద్యునికి చూపించాలి. చావు మాటెత్తితే ఆ రోజే తీసుకువెళ్లండి.