పాట అయిపోయేలోపు తిరిగి రావాలి!

బైకు పరుగెత్తాలంటే ఏం కావాలి? ఇంజిన్ కావాలి. పెట్రోలు కావాలి. ఖాళీ రోడ్డు కావాలి. ఇంకొకటి కూడా కావాలి... ఆగడానికో చోటు! ఎవరూ చూడని వేగం ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఎందుకు? రోడ్డు పక్కన ఓ టీ కొట్టు, ముందు వరసగా పెట్టిన బళ్లు, వాటి చుట్టూ నలుగురు నేస్తాలు ఉంటేనే ఎంత వేగంగా వచ్చాడో చెప్పుకోగలడు, చెప్పింది నమ్మించగలడు. ఒక టీ కొట్టు ఓ తరం కుర్రాళ్లకు ఇల్లయి, ఒక రకం బైకుకు పేరిచ్చి, కొందరిని తిరిగిరాని చోటికి కూడా పంపిన కథ లండన్ శివార్లలో జరిగింది. ఆ కొట్టు పేరు ఏస్ కేఫ్.

నిజానికి అది కుర్రాళ్ల కోసం పెట్టింది కాదు. లారీ డ్రైవర్ల కోసం పెట్టింది. లండన్ నగరాన్ని ఉత్తరం వైపు నుంచి చుట్టి వెళ్లే నార్త్ సర్క్యులర్ రోడ్డు అప్పటికి కొత్త. ఆ రోడ్డు మీద, వెంబ్లీకి దగ్గర్లో, 1938లో ఏస్ కేఫ్ తెరిచారు. రాత్రీ పగలూ తెరిచే ఉండేది. మగ్గు నిండా వేడి టీ, గుడ్లు, సాసేజ్, వేయించిన బ్రెడ్... కడుపు నిండా తిని మళ్లీ స్టీరింగ్ పట్టుకోవచ్చు. మన హైవే దాబాకు దొరగారి రూపం అనుకోవచ్చు. అలాంటివాటిని అక్కడి జనం ‘కేఫ్’ అని కూడా పూర్తిగా అనరు, ‘కాఫ్’ అంటారు. కేఫ్ అంటే తెల్లటి గుడ్డ పరిచిన బల్లలుండాలి, కాఫ్ అంటే టీ మరకలుండాలి. తేడా అదన్నమాట!

రెండో ప్రపంచయుద్ధంలో దగ్గర్లోని రైల్వే యార్డుల మీద పడాల్సిన బాంబుల దెబ్బకు ఏస్ కూడా నేలమట్టమైంది. 1949లో మళ్లీ కట్టారు. అసలు కథ అక్కణ్నుంచే మొదలవుతుంది.

యుద్ధం అయిపోయాక కొన్నేళ్లకు బ్రిటన్‌లో కుర్రాళ్ల చేతిలో మొదటిసారిగా నాలుగు డబ్బులు ఆడాయి. ఫ్యాక్టరీల్లో పనులు దొరికాయి. వాయిదాల మీద బండి కొనుక్కునే వీలు వచ్చింది. కారు ఇంకా అందనంత దూరంలోనే ఉంది. బీఎస్ఏ గోల్డ్‌స్టార్, నార్టన్ డామినేటర్, 1959లో వచ్చిన ట్రయంఫ్ బోనెవిల్... వారం జీతంలో కొంత ఇంట్లో ఇచ్చి, కొంత వాయిదా కట్టి, మిగిలింది పెట్రోలు పోయించుకుని సాయంత్రం ఏస్‌కి చేరేవారు. ఎందుకంటే వెళ్లడానికి వాళ్లకు వేరే చోటు లేదు. పబ్బులు పెద్దవాళ్లవి. ఇల్లు ఇరుకు. రాకెన్‌రోల్ పాటలంటే పిచ్చి, రేడియోలో వాటిని వేసేవాళ్లేమో తక్కువ. ఏస్‌లో జూక్‌బాక్స్ ఉంది. నాణెం వేస్తే కోరిన పాట మోగుతుంది. ఒక్క టీ కొనుక్కుని గంటలకొద్దీ కూర్చున్నా ఎవరూ లేవమనరు.

ఆ జూక్‌బాక్స్ చుట్టూ పుట్టిందే ‘రికార్డ్ రేసింగ్’. ఒకడు నాణెం వేసి పాట పెడతాడు. ఇంకొకడు పరుగున బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తాడు. ముందే అనుకున్న చోటి దాకా వెళ్లి, పాట ముగిసేలోపు తిరిగి లోపలికి రావాలి. అప్పటి పాటలు రెండు మూడు నిమిషాల్లో అయిపోయేవి. రానూ పోనూ మూడు మైళ్లు, పాట రెండున్నర నిమిషాలు అనుకుంటే సగటు వేగం గంటకు 72 మైళ్లు, అంటే 116 కిలోమీటర్లు ఉండాలి. మలుపులో తగ్గించిన వేగం, బండి వెనక్కి తిప్పడానికి పట్టిన సమయం కూడా అందులోనే. కాబట్టి తిన్నని రోడ్డు మీద వంద మైళ్ల ముల్లు తాకాల్సిందే. ఆ వందను వాళ్లు ‘టన్’ అనేవారు. దాన్ని అందుకున్నవాడు ‘టన్-అప్ బాయ్’. రికార్డు రేసులు ఎంత తరచుగా జరిగేవో, ఎంత భాగం కట్టుకథో అప్పటివాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. టీ కొట్టు దగ్గర చెప్పుకునే వేగాలు ఎక్కడైనా కాస్త ఎక్కువగానే ఉంటాయి కదా! కానీ ఆ రోడ్డు మీద పడి చచ్చిపోయినవాళ్లు మాత్రం కట్టుకథ కాదు. తలకు హెల్మెట్ తప్పనిసరి కాని రోజులవి. బ్రిటన్‌లో ఆ చట్టం వచ్చింది 1973లో.

పందెంలో గెలవాలంటే కొన్న బండి కొన్నట్టుగా ఉంటే చాలదు. ఎత్తయిన హ్యాండిల్ పీకేసి, ముందు ఫోర్కులకే చెరోవైపు పొట్టి కడ్డీలు బిగించేవారు. కాళ్లు పెట్టుకునే కడ్డీలను వెనక్కి జరిపేవారు. అప్పుడు నడిపేవాడు పెట్రోలు ట్యాంకు మీద దాదాపు బోర్లా పడుకోవాలి. గాలి అంతగా అడ్డుకోదు. అక్కర్లేని రేకులన్నీ తీసి పారేసేవారు. వెనక ఎవరినైనా ఎక్కించుకుందామన్నా సీటు ఉండదు. వీటన్నిటిలోకీ రాజు ‘ట్రైటన్’. ఇది ఏ కంపెనీ బండీ కాదు, సంకరజాతి. ట్రయంఫ్ ఇంజిన్‌ను నార్టన్ ఫ్రేములో కూర్చితే ట్రైటన్. ట్రయంఫ్ ఇంజిన్‌కు పదును పెట్టడం తేలిక. నార్టన్ ఫ్రేము మలుపుల్లో రోడ్డును వదిలేది కాదు. ఆ ఫ్రేమును బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెక్‌క్యాండ్లెస్ సోదరులు తయారుచేశారు. దాని మీద కూర్చుంటే ఈకల పరుపు మీద ఉన్నట్టుందని హెరాల్డ్ డానియెల్ అనే రేసర్ అనడంతో ‘ఫెదర్‌బెడ్’ అన్న పేరు స్థిరపడింది. ఖాళీ ఫ్రేములు కుర్రాళ్లకు ఎలా దొరికేవన్నదీ తమాషా కథే. చిన్న రేసు కార్లు తయారుచేసేవాళ్లకు నార్టన్ ఇంజిన్ కావాలి. కంపెనీయేమో ఇంజిన్ విడిగా అమ్మదు. దాంతో వాళ్లు బండి మొత్తం కొని, ఇంజిన్ పీక్కుని, మిగిలింది అమ్మేసేవారు!

ఇలాంటి బళ్లనే ‘కేఫ్ రేసర్లు’ అన్నారు. ఇప్పుడు షోరూముల్లో గర్వంగా చెప్పుకునే ఈ పేరు మొదట్లో వెక్కిరింపు అంటారు. ట్రాక్ మీద రేసు చేతకాక, టీ కొట్టు నుంచి టీ కొట్టుకు పందెం వేసుకునేవాడని అర్థం.

పత్రికలు ఊరుకుంటాయా? తోలు జాకెట్లు, నూనె రాసిన జుట్టు, చెవులు చిల్లులు పడే చప్పుడు... వీళ్లను ‘ఆత్మహత్యల క్లబ్బు’ అన్నాయి. 1961లో ప్రభుత్వం లెర్నర్లు 250 సీసీ మించిన బండి నడపకూడదని నిబంధన పెట్టింది. 1964లో సముద్రతీర పట్టణాల్లో ఈ ‘రాకర్లు’, స్కూటర్ల మీద తిరిగే ‘మోడ్లు’ కొట్టుకున్నారు. క్లాక్టన్, మార్గేట్, బ్రైటన్ పేర్లు పతాక శీర్షికలకెక్కాయి. (మన దగ్గర స్కూటరంటే ముందు పిల్లాడు, వెనక ఇల్లాలు, కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండర్. అక్కడ మాత్రం లాంబ్రెట్టా, వెస్పాలు సూటు వేసుకున్న షోకిలా రాయుళ్ల బళ్లు!) జరిగిన గొడవ కన్నా రాసిన గొడవే ఎక్కువని తర్వాత స్టాన్లీ కోహెన్ అనే సామాజికవేత్త 1972లో ఏకంగా పుస్తకమే రాశాడు.

అయితే కుర్రాళ్ల చావులకు ఏస్ కేఫ్ బాధ్యత లేదా? ఉంది. చూసేవాళ్లను పోగుచేసింది అదే. చూసేవాళ్లు లేకపోతే పందెం లేదు. కానీ ఆ తలుపులు మూసేస్తే కుర్రాళ్లు బళ్లు దిగి ఇంటికెళ్లి పుస్తకాలు తీసేవారా అంటే... అదీ లేదు. ఈ సంగతి అందరికన్నా ముందు గ్రహించినవాడు ఒక చర్చి ఫాదరీ!

లండన్ తూర్పున హాక్నీ విక్ అనే పేదల పేటలో 1959లో ఒక యువజన క్లబ్బు పెట్టారు. పెట్టిన ఏడాదే పేరైంది... ‘59 క్లబ్’. అక్కడి చర్చిలో పనిచేసే బిల్ షెర్గోల్డ్‌కు మోటార్‌సైకిలంటే ఇష్టం. 1962లో ఆయన ఏస్‌కి వెళ్లి కుర్రాళ్లను చర్చికి పిలుద్దామనుకున్నాడు. లోపల దడ. తెల్ల కాలరు కనిపించకుండా మెడకు మఫ్లర్ చుట్టుకున్నాడట. గుండె చిక్కబట్టుకుని తీరా వెళితే అక్కడ పిట్ట కూడా లేదు! వెళ్లిన వేళ అలాంటిది. రెండోసారి రాత్రిపూట వెళ్లాడు. పట్టుకుని కాలవలో పడేస్తారేమోనని భయపడ్డవాడికి కుర్రాళ్లు చుట్టూ చేరి కబుర్లు చెప్పారు. తర్వాత ఆయన పిలిస్తే నిజంగానే బళ్లేసుకుని చర్చికి వచ్చారు. ఏకంగా బళ్లను కూడా లోపలికి తెచ్చి ఆశీర్వదింపజేసుకున్నారు. దసరాకి బండి కడిగి పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించే మనకు ఇందులో వింతేమీ కనిపించదు గానీ, అప్పటి లండన్‌లో పెద్ద వార్తే.

షెర్గోల్డ్ చేసిన తెలివైన పని ఒక్కటే. వేగం పాపమని ఉపన్యాసం ఇవ్వలేదు. తన క్లబ్బులోనూ టీ పెట్టాడు, పాటలు పెట్టాడు, బళ్లు ఆపుకునే చోటిచ్చాడు. 59 క్లబ్‌లో బైకు సభ్యులు చూస్తుండగానే వేలకు చేరారు. వాళ్ల జాకెట్ల మీద ఆ క్లబ్ బ్యాడ్జీ ఈనాటికీ కనిపిస్తుంది.

చివరికి ఏస్‌ను దెబ్బతీసింది పోలీసులూ కాదు, పత్రికలూ కాదు. కొత్త రోడ్డు, చవక కారు. 1959 నవంబరులో ఎం1 మోటార్‌వే మొదలైంది. మొదట్లో దాని మీద వేగానికి పరిమితే లేదు. దారిలో ఆగాలంటే కంపెనీలు కట్టిన సర్వీస్ ఏరియాలున్నాయి. లారీలు అటు మళ్లాయి. ఊరికి బైపాస్ పడ్డాక పాత రోడ్డు మీది హోటళ్లకు ఏమవుతుందో మన హైవేల పక్క ఊళ్లవాళ్లను అడిగితే చెబుతారు. అదే ఏడాది మినీ కారు వచ్చింది, ధర 500 పౌండ్ల లోపే. పెళ్లీడుకొచ్చిన రాకర్‌కు వాన తగలని బండి, పక్కన కూర్చోవడానికి సీటు రెండూ దొరికాయి. 1969లో ఏస్ కేఫ్ మూతపడింది. ఆ భవనంలో టైర్ల దుకాణం వెలిసింది.

పాతికేళ్లు గడిచాయి. పాత రాకర్లకు బట్టతలలొచ్చాయి. అప్పుడు మార్క్ విల్స్‌మోర్ అనే ఆయన, ఏస్ మూతపడి పాతికేళ్లయిన సందర్భంగా అందరూ అక్కడే కలుద్దామని 1994లో పిలుపిచ్చాడు. పన్నెండు వేల మంది దాకా వచ్చారని లెక్క. విల్స్‌మోర్ పూర్వాశ్రమంలో ఎవరో తెలుసా? లండన్ పోలీసు! ఒకప్పుడు ఏస్ కుర్రాళ్లను తరిమిన శాఖలోంచి వచ్చినవాడే ఏస్‌ను బతికించాడు. 1997లో కొంత భాగం తెరిచారు, 2001లో పూర్తిగా. మళ్లీ టీ, మళ్లీ బళ్ల వరసలు.

అన్నిటికీ ఇలాంటి అదృష్టం పట్టలేదు. ఉత్తర ఇంగ్లాండ్ కొండల మీద, సముద్రమట్టానికి దాదాపు 1,900 అడుగుల ఎత్తున ఉన్న హార్ట్‌సైడ్ కేఫ్ మెలికల దారి ఎక్కొచ్చే బైకర్లకు తీర్థక్షేత్రంలా ఉండేది. 2018 మార్చిలో అది కాలిపోయింది.

ఈ కథకు మన వైపు నుంచి ఒక కొస ఉంది. 250 సీసీ నిబంధన వచ్చాక లెర్నర్ కుర్రాళ్లను దృష్టిలో పెట్టుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1960ల మధ్యలో ‘కాంటినెంటల్ జీటీ’ తెచ్చింది. కుర్రాళ్లు గ్యారేజీలో చేసుకునే మార్పులన్నీ కంపెనీయే చేసిచ్చిన ఎర్ర ట్యాంకు బండి. తర్వాత కొద్ది ఏళ్లకే ఇంగ్లాండులో ఆ కంపెనీ కథ ముగిసింది. 1955లో మద్రాసులో మొదలైన పిల్ల కంపెనీ మాత్రం బుల్లెట్లు చేస్తూ నిలబడింది. ఆ చెన్నై కంపెనీ 2013లో 535 సీసీ ఇంజిన్‌తో కాంటినెంటల్ జీటీకి మళ్లీ ప్రాణం పోసి, ప్రపంచానికి చూపించడానికి ఎంచుకున్న చోటు... ఏస్ కేఫ్! బండి అందంగా ఉంది గానీ, టన్ అందుకునేంత సత్తా దానికి లేదు. ఆ ముచ్చట 2018లో రెండు సిలిండర్ల 650తో తీరింది. అది వంద మైళ్లు దాటుతుంది. కాకపోతే బ్రిటన్‌లో మోటార్‌వే మీద కూడా వేగ పరిమితి 70 మైళ్లే... 1965 డిసెంబరు నుంచి!