పత్తి గింజ వెనక ఎవరి చెయ్యి?

ఒక స్త్రీ శాస్త్రవేత్తగా మొదలై పెద్ద విత్తన కంపెనీలో నిర్ణయాలు చేసే కుర్చీ దాకా వెళ్లిందంటే మనకు సంతోషమే. డాక్టర్ ఉషా బార్వాలే జెహర్ అలాంటి మనిషి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, తండ్రి బద్రీనారాయణ్ బార్వాలే 1964లో జాల్నాలో స్థాపించిన మహికో కంపెనీ పరిశోధనకు నాయకత్వం వహించారు. తండ్రి కంపెనీ కదా అని పెదవి విరిచేవాళ్లుంటారు. కొడుకు వారసుడైతే ఎవరూ ఆ మాట ఎత్తరు!

మోన్సాంటో జన్యువుతో ఈ కంపెనీ తెచ్చిన బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. బీటీ వంకాయను మాత్రం, ఏడు నగరాల్లో జనం మాట విన్నాక, 2010 ఫిబ్రవరి 9న కేంద్రమంత్రి జైరాం రమేష్ ఆపేశారు. హైదరాబాదులోనూ ఆ సభ జరిగింది. ఆ చర్చంతా ఎక్కువగా తింటే ఏమవుతుందన్న దాని చుట్టూనే తిరిగింది. అడగవలసిన ప్రశ్నే. కాని విత్తనం తయారుచేసే చేతుల గురించి ఎవరడిగారు?

గద్వాల, కర్నూలు వైపు సీడు పత్తి చేలలోకి వెళ్లిన మన కార్యకర్తలకు ఆ పని తెలుసు. సాయంత్రం ఒక్కొక్క మొగ్గ రేకులు ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులు గోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. నెలల తరబడి ఇదే పని. చేసేది ఆడవాళ్లు, ఆడపిల్లలు. చిన్న వేళ్లకు మొగ్గ నలగదంటారు. అసలు సంగతి, చిన్న వేళ్లకు కూలి తక్కువ. ఒక్క తిత్తి మిగిలినా గింజ కల్తీ అవుతుంది. పరీక్షలో విత్తనం తప్పితే నష్టం రైతుకు, తిట్లు కూలికి. జన్యువు ప్రయోగశాలలో పుట్టినా హైబ్రిడ్ గింజ మాత్రం ఈ గోళ్ల మీదుగానే రావాలి.

హైబ్రిడ్ పత్తి బీటీ కంటే ముందునుంచీ ఉంది, నిజమే. కాని బీటీ వంకాయ జన్యువును కోయంబత్తూరు, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఇచ్చినప్పుడు, రైతు గింజ దాచుకోగల రకాల్లో పెట్టారు. 2013లో బంగ్లాదేశ్ అనుమతించినవీ అలాంటివే. పత్తిలో మాత్రం దాదాపుగా ఏటా కొనవలసిన హైబ్రిడ్లే వచ్చాయి. రెండు దారులూ శాస్త్రానికి తెలిసినవే. పత్తికి ఏ దారో ఎంచుకున్నది వ్యాపారం. ఆ వ్యాపారంలో రాయల్టీ ఎంత? 450 గ్రాముల ప్యాకెట్ మీద 1250 రూపాయలు తీసుకుంటున్నారని 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కెక్కి పోరాడింది. చివరికి ప్యాకెట్ ధర 750కి దిగింది. జన్యువుకు అంత లెక్క కట్టినవాళ్లు క్రాసింగ్ చేసిన పిల్ల కూలికి ఏ లెక్క కట్టారు?

చట్టం చూద్దామంటే, 2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదంటూనే, బడి అయ్యాక ఇంటివాళ్లకు సాయం చేయవచ్చని సందు వదిలింది. సీడు చేను సొంతదైతే ఆ పిల్ల కూలీ కాదు, కూతురు.

శాస్త్రం, వ్యాపారం రెండూ తెలిసిన ఉషగారి లాంటివాళ్లను, ఏ కంపెనీలో ఉన్నా సరే, మనం అడగవలసింది ఇది. ఆర్గనైజరుతో, రైతుతో రాసుకునే ఒప్పందంలో క్రాసింగ్ కూలి ఎంతో విడిగా రాయండి. చేసిన ఆడవాళ్ల పేర్లు, వయసులు, ఇచ్చిన డబ్బు పుస్తకంలో ఎక్కించి గ్రామసభలో చదవండి. గింజ స్వచ్ఛత శాతం ప్యాకెట్ మీద అచ్చు వేయగలిగిన వాళ్లకు ఇది చేతకాని పనేమీ కాదు.