పిల్లల నవలకు మార్కులు వేసేదెవరు?

1960ల నడుమ చందమామలో ఒక ప్రయోగం జరిగింది. అప్పటికి పదేళ్లుగా మాంత్రికులతో, రాక్షసులతో, పాడుబడ్డ కోటలతో సాగుతున్న సీరియళ్లను ఆపి, వాటి చోట బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ని వేశారు. పిల్లలకు కాస్త గట్టి సాహిత్యం అందాలన్నది పత్రిక వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణి కోరిక అనీ, పిల్లలు మొహం తిప్పుకోవడంతో సర్క్యులేషన్ తగ్గిందనీ, చివరికి పాత తరహా సీరియళ్లనే మళ్లీ మొదలుపెట్టక తప్పలేదనీ ఆనాటి చందమామ సంగతులు ఎరిగినవాళ్లు చెబుతూ వచ్చారు. 1966లో ‘పాతాళదుర్గం’ వచ్చింది. మంత్రగాళ్లు తిరిగి కొలువు తీరారు.

ఈ కథలో ముఖ్యమైన మనుషులంతా తెనాలి వైపువాళ్లే. చక్రపాణిది తెనాలి ఐతానగరం. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది తెనాలిలో. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా డజను సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఆ తాలూకా వాడే. పత్రిక అచ్చయింది మద్రాసులో గానీ, అందులోని తెలుగు నుడికారం మాత్రం నందివెలుగు, తెనాలి, రేపల్లె అరుగుల మీద వినబడేదే.

అంత పెద్ద సంపాదకుల నిర్ణయాన్ని పదేళ్లవాళ్లు తిప్పికొట్టారన్నమాట. సభ పెట్టలేదు, ఉత్తరాల ఉద్యమం నడపలేదు. నాన్న చేత కొనిపించడం మానేశారంతే.

ఇంకో సంగతి ఉంది. చందమామ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. కుటుంబరావు పేరు సంపాదకుడిగా కనబడేది కాదు. కాబట్టి ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరిల వెంట అడవులు పట్టి తిరిగిన పిల్లవాడికి ఆ కథ ఎవరు రాశారో తెలియదు, ఆయనకు ఏ అవార్డు వచ్చిందో తెలియదు. ముందుమాట లేదు, ఆవిష్కరణ సభ లేదు, ప్రముఖుల ప్రశంస లేదు. చేతిలో ఉన్నవి రెండే: కథ, చిత్రా గీసిన బొమ్మలు. వాటిని చూసే తీర్పు చెప్పాడు. పెద్దల సాహిత్యంలో ఇంత నిష్పాక్షికమైన విమర్శకుడు ఎప్పుడైనా దొరికాడా అన్నది అనుమానమే.

ఇప్పుడు ఆ విమర్శకుడికి చోటు లేకుండా పోయింది. తెలుగులో పిల్లల నవల రాసేది పెద్దలు, వేసేది పెద్దలు, కొనేది పెద్దలు, సమీక్షించేది పెద్దలు, బహుమతి ఇచ్చేదీ పెద్దలే. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాలసాహిత్య పురస్కారం మొదలుపెట్టినప్పుడు తెలుగులో మొదటిది కలువకొలను సదానంద ‘అడవితల్లి’ నవలకు దక్కింది. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ ‘మాయాలోకం’ నవలకు వచ్చింది. ఈ నవలల మంచిచెడ్డలకు ఇక్కడ పేచీ లేదు. వీటిని ఎంపిక చేసిన సంఘాల్లో పన్నెండేళ్ల పాఠకుడికి స్థానం లేదన్నదే ఫిర్యాదు. పేరుకు పిల్లల బహుమతి. పిల్లలు దాని సంగతి పేపర్లో చూడాల్సిందే, అదీ ఎవరైనా చూపిస్తే.

పిల్లల్ని అడగడం పిచ్చి ఆలోచనేమీ కాదు. 1936లో లండన్ ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన దగ్గరికి వచ్చిన ఒక రాతప్రతిని పదేళ్ల కొడుకు రేనర్‌కు ఇచ్చి చదవమన్నాడు. కూలి ఒక షిల్లింగు. కుర్రాడు తప్పుల తడక ఇంగ్లిషులో చిన్న నివేదిక రాసి, ఐదు నుంచి తొమ్మిదేళ్లలోపు పిల్లలకు ఇది నచ్చుతుందని తేల్చాడు. తను పదేళ్లవాడు కదా, ఆ స్థాయి దాటిపోయాడు మరి! ఆ పుస్తకం టోల్కీన్ ‘హాబిట్’. మరుసటి ఏడాది అచ్చయింది. అరవై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో, చాలామంది ప్రచురణకర్తలు తిప్పిపంపిన హ్యారీ పోటర్ మొదటి అధ్యాయాన్ని బ్లూమ్స్‌బరీ అధిపతి తన ఎనిమిదేళ్ల కూతురికి ఇచ్చాడు. ఆ పిల్ల చదివేసి మిగతాది ఏదని వెంటపడింది.

ఇవి ఇళ్లలో జరిగిన ముచ్చట్లు. వీటినే పద్ధతిగా మార్చిన దేశాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో 1980 నుంచి పూర్తిగా పిల్లల ఓట్లతోనే ఇచ్చే పుస్తక బహుమతి ఉంది. ఫ్రాన్స్‌లో 1988 నుంచి గోంకూర్ బహుమతి జాబితాలోని నవలలనే హైస్కూలు విద్యార్థులు చదివి, చర్చించి, తమ బహుమతి తాము విడిగా ప్రకటిస్తున్నారు. పెద్దల తీర్పు, వాళ్ల తీర్పు కలిసిన ఏళ్ల కంటే విడిపోయిన ఏళ్లే ఎక్కువ. అక్కడెవరికీ అందులో తప్పు కనబడలేదు.

మన దగ్గర పిల్లల పుస్తకాల మీద అభిప్రాయం అంటూ వినబడేదంతా యాభై దాటినవాళ్లది. పాత చందమామలు స్కాన్ చేసి దాచుకునేదీ, దాసరి సీరియళ్లు పుస్తకాలుగా వస్తే ముందుగా ఎగబడి కొనేదీ వాళ్లే. ఒకప్పుడు నెలనెలా పేజీలు చింపి, కుట్టి, బైండు చేయించుకున్న తరం అది. ఆ మమకారం గొప్పది. అది లేకపోతే ఆ సీరియళ్లు ఈపాటికి చెదలకు పోయేవి. కానీ ఆ మమకారం అడ్డుపడేదీ ఉంది. తాతయ్య ‘రాకాసిలోయ’ తెచ్చి మనవడి చేతిలో పెట్టి, ‘దీన్ని మించినది పుట్టలేదురా’ అంటాడు. తీర్పు ముందే వచ్చేసింది. మనవడు ఇక చెప్పేదేముంది? తల ఊపి పక్కన పెడతాడు.

నిజానికి ఆ మనవడు నోరు విప్పితే పనికొచ్చే మాటలు చాలా చెప్పగలడు. మనవరాలు ఇంకా ఎక్కువ చెబుతుంది. ఖడ్గవర్మకు జీవదత్తుడు తోడు, జయశీలుడికి సిద్ధసాధకుడు తోడు. జంట జంటగా మగపిల్లలే కొండలెక్కుతారు, కత్తులు దూస్తారు. ఆడపిల్ల వస్తే ఎక్కువగా రాజకుమారిగా, కాపాడబడటానికే వస్తుంది. 1970లో చదివిన అమ్మాయి ఇది గమనించలేదని ఎవరనగలరు? ఆమెను ఎవరూ అడగలేదు, అంతవరకే తెలుసు. వరసపెట్టి నాలుగు సీరియళ్లు చదివితే అదే అడవి, అదే ఆటవిక తెగ, ఆ గండం గడిచేసరికి కొత్త మాంత్రికుడు అన్న విసుగు పుడుతుందని కూడా ఒప్పుకోవాలి. నెలకు ఆరేడు పేజీల చొప్పున చదివినవాళ్లకు కనబడని అతుకులు, ఒకేసారి పుస్తకంగా చదివే ఈనాటి పిల్లలకు కనబడతాయి. దాసరి గొప్పతనానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. గండం మీద గండం తెచ్చి, సరిగ్గా ఊపిరి బిగపట్టిన చోట నెల రోజులు ఆపడంలో ఆయనకు సాటి లేరు.

పిల్లలకే వదిలేస్తే చెత్త ఎంచుకుంటారన్నది పెద్దల పాత భయం. చందమామ మీద కూడా ఆ నింద ఉండేది: దయ్యాలు, భూతాలు పిల్లల్ని మూఢనమ్మకాల్లోకి నెడతాయని. దానికి జవాబు చెప్పినవాడు మార్క్సిస్టు అయిన కుటుంబరావే కావడం విశేషం. పిల్లల ఊహకు ఆ సరుకు కావాలనీ, వయసు వచ్చాక దయ్యాలు వాటంతట అవే పోతాయనీ ఆయన వాదన. ఆ పాఠకుల్లో ఎంతమంది తర్వాత ఆయన నవలలకే పాఠకులయ్యారో చూస్తే వాదన నిలిచినట్టే.

అసలు ‘దుర్గేశనందిని’ ఎందుకు ఓడిపోయింది? 1865లో వచ్చిన ఆ నవలలో యుద్ధం ఉంది, కోట ఉంది, చెర ఉంది. పిల్లలకు కావలసిన సామగ్రి అంతా ఉన్నట్టే. కానీ దాని ప్రాణం ప్రేమకథలో ఉంది. అది పదేళ్లవాడికి పట్టదు. పదహారేళ్లవాడికి పెట్టి ఉంటే రాత్రికి రాత్రి ముగించేవాడు. పుస్తకం తప్పు కాదు, వయసు తప్పు. ఈ రెండు వయసుల మధ్య తేడాను తెలుగు ప్రచురణ రంగం అప్పుడూ పట్టించుకోలేదు, ఇప్పుడూ పెద్దగా పట్టించుకోవడం లేదు.

పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా నవలలు రాయడం అమెరికాలో ఊపందుకున్నది 1960ల్లో. ఎస్.ఇ. హింటన్ హైస్కూల్లో ఉండగా రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ 1967లో వచ్చింది. ఆ వయసు పాఠకురాలే ఆ వయసు రచయిత్రి అయిందన్నమాట. తెలుగులో ఆ అర ఎప్పుడూ ఖాళీగానే ఉంది. తెనాలి కుర్రకారు ఒకప్పుడు చక్రపాణి అనువాదంలో శరత్‌ను చదివి ఆ ఖాళీని పూడ్చుకున్నారు. తర్వాతి తరానికి నండూరి రామమోహనరావు తెలుగులోకి తెచ్చిన ‘టామ్ సాయర్’, ‘కాంచనద్వీపం’ ఉన్నాయి. విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలున్నాయి. మిగిలినవాళ్లు చందమామ మూసిన చేత్తోనే అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నో, మధుబాబు షాడోనో పట్టుకున్నారు. లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి చదివిన ఆ నవలలే తెలుగువాళ్లకు దొరికిన యువసాహిత్యం. ఎవరూ సిఫారసు చేయలేదు, అందరూ తిట్టారు, అయినా చేతులు మారుతూ నలిగిపోయాయి. అంతకంటే గట్టి పాఠకాభిప్రాయం ఏముంటుంది?

ఇప్పుడు ఆ వయసు పిల్లలు ఇంటర్ హాస్టళ్లలో ఉన్నారు. షాడోను దాచుకునే వీలు కూడా లేదు. బడిలో పుస్తకం మీద అభిప్రాయం చెప్పే అవకాశం ఒక్కటే, ఉపవాచకం ప్రశ్న. ఫలానా పాత్ర స్వభావాన్ని వివరించండి అంటారు. జవాబు గైడులో ఉంటుంది. ‘నాకు ఈ పాత్ర నచ్చలేదు’ అని రాసిన పిల్లకు ఎన్ని మార్కులు పడతాయో ఉపాధ్యాయులకే తెలియాలి.

మంచి ప్రయత్నాలు లేవని కాదు. సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ వాళ్లు ఏళ్ల తరబడి చవకగా, అందంగా పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. తానాతో కలిసి పోటీలు పెట్టి కొత్తవాళ్ల చేత రాయించారు. జపాన్ నుంచి వచ్చిన ‘రైలుబడి’ మన టీచర్ల ఇళ్లలో కూడా కనబడుతుంది. టీచర్లు అది చదివి కంటతడి పెట్టుకుంటారు. పిల్లలు అందులో ఏం చూసి నవ్వుతారో ఎక్కడా రికార్డు కాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ‘చదవడం మాకిష్టం’ పేరుతో బడుల్లో పఠనోద్యమం మొదలుపెట్టింది. పేరు పిల్లల గొంతుతోనే ఉంది. ఏం చదవడం ఇష్టం అన్న రెండో ప్రశ్న కూడా అడిగి ఉంటే బాగుండేది.

తెనాలి, నందివెలుగు ప్రాంతానికి ఆ ప్రశ్న అడిగే అర్హత అందరికంటే ఎక్కువ. నందివెలుగుకు దగ్గర్లోని దుగ్గిరాల మండలం పెదపాలెంలో పాతూరి నాగభూషణం గ్రంథాలయ సేవకు పూనుకొని, 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టి పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ వెంబడి ఊరూరా పంచారు. రోడ్లు సరిగా లేని పల్లెలకు పుస్తకమే నీళ్ల మీద వెళ్లింది. రేవు దగ్గర నిలబడి ఏ పుస్తకం కావాలో అడిగి తీసుకున్న పాఠకులు ఆనాడే ఉన్నారు. గట్టున నిలబడిన మనిషి మొహం చూస్తే చాలు, పోయినసారి ఇచ్చిన పుస్తకం నచ్చిందో లేదో పడవలోని మనిషికి తెలిసిపోయి ఉంటుంది.

నేటి శాఖా గ్రంథాలయాలకు ఆ మొహం కనబడదు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా తల్లిదండ్రులు కడుతూనే ఉన్నారు. ఆ డబ్బుతో పిల్లల అరలోకి ఏ పుస్తకాలు రావాలో పెద్దల కమిటీలు తేలుస్తాయి. ఏటా నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు బడిపిల్లల్ని పిలిచి వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. విషయం దాదాపు ఎప్పుడూ ఒకటే: పుస్తక పఠనం వల్ల ప్రయోజనాలు. పిల్లలు ప్రయోజనాలు రాసి, స్టీలు గిన్నె బహుమతిగా పట్టుకుపోతారు.

ఈ ఏడాది ఆ వారంలో విషయం మార్చి చూడొచ్చు. నందివెలుగు చుట్టుపక్కల బడుల్లో ఆరు నుంచి పది దాకా చదివేవాళ్లకు నెల ముందే నాలుగైదు తెలుగు నవలలు ఇవ్వాలి. ఒకటి దాసరిది, ఒకటి అకాడమీ బహుమతి పొందినది, ఒకటి అనువాదం, ఒకటి నిరుడు వచ్చిన కొత్తది. నచ్చింది ఏది, ఏ పేజీలో ఆపేశావు, ఎందుకు ఆపేశావు అని అడిగి, పేరు రాయనక్కర్లేని కాగితం మీద రాయించాలి. టీచరు దిద్దకూడదు. ఆ కాగితాలు జిల్లా గ్రంథాలయ సంస్థ కొనుగోలు జాబితా పక్కనే పెట్టాలి. కొన్నిటి మీద ‘బోర్’ అన్న ఒక్క మాటే ఉంటుంది. దాన్నీ లెక్కలో వేసుకోవాలి.